తీపి తగ్గించినారు సరే, నిలవ సంగతేంది? బైపాస్ రోడ్డు లో క్యాలరీ పాలస్వీట్ల షాపు రివ్యూ

ముందే చెప్పేస్తా, మొత్తం చదివే ఓపిక లేనోళ్ళు ఈ ఒక్క పేరా చదివి పోండి. తిరపతి ఎయిర్ బైపాస్ రోడ్డు సైడు పెట్టిన ఈ లో క్యాలరీ పాలస్వీట్ల షాపులో బాటిల్ బాదంపాలు కళ్ళు మూసుకోని కొనండి, కుల్ఫీ బాగుంది కానీ ఒకటితో ఆపండి, కండెన్స్‌డ్ మిల్క్ టిన్ను పనికొస్తాది కానీ వాడే తీరు తెలుసుకోని వాడండి, పాలకోవా మాత్రం ఆడికాడ తినేదానికయితేనే తీసుకోండి, ఊరికి కట్టించుకుపోయేదానికి వద్దే వద్దు. బెల్లం కోవా సంగతి కింద రాస్తా, దాని మీద నాకు కోపం ఉండాది. స్టార్లు అడిగితే అయిదుకి మూడున్నర.

ఇంగ ఓపిక ఉన్నోళ్ళకి.

నేను పెళ్ళికి ముందు ఒక డెయిరీ ప్లాంటు ల్యాబ్‌లో పని చేసినా. పాలు వచ్చినప్పుడు ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (వెన్న, నీళ్ళు పోను మిగిలే గట్టి పదార్థం) చూసేది, ప్యాకింగ్ అయినాక శాంపిల్స్ పక్కన పెట్టి ఎన్నాళ్ళకి చెడతాయో చూసేది నా పని. ఆ అలవాటు పోలేదు, ఏ స్వీటు బాక్సు చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవతా, మా ఇంట్లోవాళ్ళు నవ్వతారు. మా నాయనకి షుగరు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు బరువు తగ్గమన్నారు, నాకేమో స్వీటు పిచ్చి. అందుకని ఈ షాపు తెరిచినప్పటి నుంచి ఈళ్ళ ఐటమ్స్ దాదాపు అన్నీ మా ఇంటికి వచ్చినాయి, కొన్ని కావాలనే రోజుల తరబడి నిలవ పెట్టి చూసినా.

రుచి గురించి రాసేవాళ్ళు శానా మంది ఉండారు, బాగుంది సూపర్ అని ఈడ అందరూ రాసేసినారు. నేను చెప్పేది వేరే. పాలస్వీట్లల్లో చక్కెరకి ఉండేది ఒక్క తీపి పనే కాదు. ముద్దకి ఒళ్ళు ఇచ్చేది అదే, నిలవ కాపాడేదీ అదే. మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఎట్ట ఊరగాయ ఏడాది నిలుస్తాదో, చక్కెర గూడా అట్టనే పాలల్లో నీళ్ళని పట్టేసుకుంటాది, అప్పుడు నీళ్ళు ఉండీ బ్యాక్టీరియాకి, బూజుకి అందవు. ల్యాబ్‌లో దీన్ని వాటర్ యాక్టివిటీ అని కొలుస్తారు. ఉత్త నీళ్ళకి 1, పాలకి ఇంచుమించు అంతే, తీపి కండెన్స్‌డ్ మిల్క్‌కి 0.85 దరిదాపుల్లో ఉంటాది. మామూలుగా వస్తువుని చెడగొట్టే బ్యాక్టీరియాల్లో శానా వరకు 0.91 కిందికి దిగితే పెరగలేవు, బూజు మొండిది, 0.80 దాకా కూడా పెరగతాది. కాబట్టి చక్కెర తీసేసినాం అని ఎవురైనా గొప్పగా చెప్తే వెంటనే అడగాల్సింది ఒకటే, మరి దాని కాపలా పని ఇప్పుడు ఎవురు చేస్తా ఉండారు అని. ఈ షాపులో ఆ ప్రశ్నకి జవాబున్న ఐటమ్స్ బాగుండాయి, జవాబు లేనివి బాగలేవు, నా రివ్యూ మొత్తం ఇంతే నిజానికి.

పాలకోవాతో మొదలుపెడతా, ఎందుకంటే అందరూ కొనేది అదే, కొండ దిగి వచ్చే జనం గూడా లడ్డు ఎట్టాగూ ఉండాది, ఇంట్లో షుగరోళ్ళకి ఇది తీసుకుపోదాం అని బాక్సులు బాక్సులు కొంటా ఉండారు.

లెక్క చూడండి. మామూలు పాలకోవా వంద గ్రాముల్లో 70 గ్రాములు పచ్చికోవా, అంటే చక్కెర కలపని కోవా, 30 గ్రాములు చక్కెర అనుకుందాం. పచ్చికోవా ఆవుపాలదయినా ఎనుముపాలదయినా వంద గ్రాములకి 410 నుంచి 420 కిలో క్యాలరీలు. అంటే కోవా వంతు 290, చక్కెర వంతు 120, మొత్తం 410. ఇప్పుడు చక్కెర తీసేసి సుక్రలోజ్ వేసినారనుకోండి. అది చక్కెర కన్నా 600 రెట్లు తీపి, ముప్పై గ్రాముల చక్కెర తీపి రావాలంటే 50 మిల్లీగ్రాములు చాలు, చిటికెలో చిటికె. మరి ఆ ముప్పై గ్రాముల జాగా ఎవురు నింపతారు? ఇంగా పచ్చికోవాతోనే నింపాల. అప్పుడు వంద గ్రాముల పాలకోవా అంటే వంద గ్రాముల కోవానే, 415 క్యాలరీలు! చక్కెర తీసేస్తే క్యాలరీ పెరిగింది, ఎందుకంటే చక్కెరలో గ్రాముకి 4 అయితే పాల కొవ్వులో 9. షుగర్ ఫ్రీ కోవా తిని బరువు తగ్గుతాననుకునే మా అమ్మలాంటోళ్ళకి ఈ మాట ఎవురూ చెప్పరు.

అందుకే తెలిసినోళ్ళు చక్కెర జాగాలో మాల్టిటాల్, సార్బిటాల్ లాంటి పాలియాల్స్ వేస్తారు. ఇవి చక్కెర మాదిరే ఒళ్ళు ఇస్తాయి, క్యాలరీలు చక్కెరలో సగం చిల్లర, మాల్టిటాల్ గ్రాముకి 2 చిల్లర, సార్బిటాల్ 2.6. ముప్పై గ్రాములకి ముప్పై గ్రాములు మాల్టిటాల్ వేస్తే కోవా 355 దగ్గరకి దిగతాది, నిలవ కూడా చక్కెర కోవాతో సమానంగా వస్తాది, ఎందుకంటే నీళ్ళు పట్టుకోవడంలో మాల్టిటాల్ బరువుకి బరువు చక్కెరతో సమానమే. ఎరిత్రిటాల్ అనే ఇంకో పాలియాల్ అయితే క్యాలరీ ఇంచుమించు సున్నా, కానీ నీళ్ళల్లో అది చక్కెరంత కరగదు, చల్లారినాక గడ్డకట్టి కోవాలో పలుకులు పలుకులుగా తేలతాది, నోట్లో పెట్టుకుంటే పిప్పర్‌మెంటు తిన్నట్టు సల్లగా ఉంటాది. ఇంట్లో ట్రై చేసేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి, ఆన్‌లైన్‌లో పొడి తెప్పించుకోని కోవా చెడగొట్టుకున్నోళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండారు.

ఈళ్ళ లేబుల్ మీద ఏముందంటే మాల్టిటాల్ ఉంది, సుక్రలోజ్ ఉంది, కానీ పాలియాల్స్ వంద గ్రాములకి 12 గ్రాములే. అంటే ముప్పై ఉండాల్సిన కాడ పన్నెండు పెట్టి, తక్కువైన తీపి సుక్రలోజ్‌తో లాగినారు. మాల్టిటాల్ రేటు జాస్తి, ఎక్కువ వేస్తే కడుపు జారతాది, అది నాకు అర్థమవతాది, తప్పు పట్టను. కానీ మిగతా అంతా కోవానే కదా, అందుకే లేబుల్‌లో ఎనర్జీ 390 అని ఈళ్ళే వేసుకున్నారు. మామూలుది 410, ఇది 390. ఇరవై క్యాలరీల కోసం రేటు రెట్టింపు! సరే షుగరోళ్ళకి చక్కెర పోయింది కదా అంటారా, నిజమే, ఆ మేరకి ఒప్పుకుంటా.

నిలవకి వస్తాం. బాక్సు మీద బయట పెట్టినా ఇరవై దినాలు అని ఉంది. ఒక బాక్సు వంటింటి అలమారలో పెట్టినా, ఒకటి ఫ్రిజ్‌లో. మే నెల, తిరపతి ఎండ మీకు తెలిసిందే, నలభై దాటిన రోజులు. అలమారలోది వారం తిరగకముందే మూలన తెల్లగా బూజు పట్టింది, కింద పేపరు నెయ్యితో కాదు నీళ్ళతో తడిసి ఉంది. ఫ్రిజ్‌లోది బాగానే ఉంది కానీ గట్టిపడింది, బయట పెట్టి మెత్తబడినాక తినాల. నాకేం ఆశ్చర్యం కాలేదు, పన్నెండు గ్రాముల మాల్టిటాల్ ముప్పై గ్రాముల చక్కెర పని ఎట్ట చేస్తాది. ఓనరన్నకి ఫోటో చూపించినా. ఆయన కోపపడలేదు, "అక్కా, వ్యాక్యూమ్ ప్యాకు తీసినాక ఫ్రిజ్‌లో పెట్టాల కదా" అన్నాడు. "మరి అన్నా, బాక్సు మీద బయట ఇరవై దినాలు అని మీరే వేసినారే, తీసినాక ఎన్ని దినాలు అని యాడ రాసినారు?" అంటే నవ్వి ఊరుకున్నాడు, ఈ తూరి లేబుల్ మారుస్తామన్నాడు, మారిస్తే ఈ రివ్యూ నేనే ఎడిట్ చేస్తా.

ఒక మాట. 2020 అక్టోబర్ 1 నుంచి స్వీట్ షాపుల్లో ట్రేలల్లో విడిగా అమ్మే స్వీట్లకి కూడా ఎప్పటిలోగా తినాలో తేదీ రాసి పెట్టాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, రూలు ఉంది. చక్కెర దిట్టంగా వేసినా పాలస్వీట్లు రోజుల లెక్కనే నిలుస్తాయి, కలాకండ్ అయితే ఆ రోజుకారోజు తినేయాల. అట్టాంటప్పుడు చక్కెర లేని కోవా బయట ఇరవై దినాలు అని ఎవురన్నా అంటే అనుమానం రావాల. ఈ షాపు ట్రేలకి తేదీ చీటీలు పెట్టినారు, అది మెచ్చుకోవాల, మన ఊర్లో పెద్ద పెద్ద షాపుల్లోనే కనపడదు.

ఈళ్ళు నిజంగా క్యాలరీ తగ్గించాలంటే చక్కెర కన్నా ముందు వెన్న మీద చెయ్యి పెట్టాల. టోన్డ్ పాలతో కోవా కాస్తే ఫ్యాట్ తగ్గతాది, కానీ ముద్ద బిరుసుగా ఇసుక మాదిరి వస్తాది, దానికి ఇనులిన్ అనే పీచుపదార్థం, చికోరీ గడ్డ నుంచి తీస్తారు, అది కలిపితే మెత్తదనం రవంత వెనక్కి వస్తాది, క్యాలరీ కూడా గ్రాముకి రెండు లోపే. మన తిరపతిలోనే వెటర్నరీ యూనివర్సిటీ కింద డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది, ఓనరన్న ఒక పూట ఆడికి పోయి కూర్చోనుంటే సగం పని అయిపోయేది. ఇదే మాట ఆయనకీ చెప్పినా.

కండెన్స్‌డ్ మిల్క్ టిన్ను నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. అసలు తీపి కండెన్స్‌డ్ మిల్క్ పుట్టిందే నిలవ కోసం, పాలు చిక్కబెట్టే పద్ధతికి 1856లో అమెరికాలో గేల్ బోర్డెన్ పేటెంటు తీసుకున్నాడు, ఫ్రిజ్‌లు లేని కాలం. తీపి కండెన్స్‌డ్ మిల్క్‌లో 40 నుంచి 45 శాతం దాకా చక్కెర ఉంటాది. ప్లాంట్‌లో చూసే లెక్క ఇంకోటి ఉంది, పాల సంగతి పక్కన పెట్టి ఒట్టి నీళ్ళు, చక్కెర రెండూ కలిపిన దాంట్లో చక్కెర ఎంత శాతం అని. అది 62.5కి తగ్గకూడదు, తగ్గితే బ్యాక్టీరియా లేస్తాది, 64.5 దాటకూడదు, దాటితే చక్కెర పలుకు కడతాది. ఇంత సన్న గీత మీద నడిచే వస్తువు అది. అందుకే ఆ టిన్నుని మూత పెట్టినాక కుక్కర్ మాదిరి ఉడకబెట్టే పని లేదు, చక్కెరే కాపలా.

మరి చక్కెర లేకుండా? ఈళ్ళు తెలివిగా చేసినారు. వెన్న తీసిన పాలు చిక్కబెట్టి, ఒళ్ళు కోసం పాలీడెక్స్‌ట్రోజ్ అనే పీచుపదార్థం, అది గ్రాముకి ఒక్క క్యాలరీనే, తీపికి సుక్రలోజ్, ఆ తర్వాత టిన్ను సీలు వేసి లోపల పాలతో సహా స్టెరిలైజ్ చేసినారు, బాగా వేడి పెట్టి క్రిముల్ని చంపేది. అంటే చక్కెర చేసే కాపలా పని వేడికి అప్పగించినారు. మామూలు టిన్ను వంద గ్రాములకి 320 క్యాలరీల లెక్క అయితే ఇది 140 అని రాసినారు, ఐటమ్స్ చూసి నేను వేసిన లెక్క కూడా ఆ దరిదాపుల్లోనే తేలింది, కాబట్టి నమ్మతా. రంగు రవంత గోధుమగా ఉంటాది, టిన్నులోనే కాగినందుకు, కాగబెట్టిన పాల వాసన వస్తాది, సేమ్యా పాయసంలో అది ఇంకా రుచే ఇచ్చింది. ఉత్తగా స్పూనుతో నాకితే మాత్రం చివర్లో నాలిక వెనక ఒకరకం తీపి అతుక్కోని పోదు, సుక్రలోజ్ గుణం అది.

కానీ ఈడ అసలు జాగ్రత్త. మామూలు కండెన్స్‌డ్ మిల్క్ టిన్ను కోసి సగం వాడి మిగతాది అట్టనే పెట్టే అలవాటు మన ఇండ్లల్లో ఉంది, చక్కెర ఉండాది కాబట్టి అది కొన్నాళ్ళు ఓర్చుకుంటాది. ఈ టిన్ను ఓర్చుకోదు. మూత తీసిన క్షణం నుంచి ఇది చిక్కటి పాలే, కాపలా ఎవురూ లేరు. వేరే గిన్నెలోకి వంచి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు దినాల్లో అయిపోగొట్టాల. లేబుల్ మీద ఈ మాట ఉంది, సన్నగా ఉంది, నేనైతే మూత మీదే ఎర్ర అక్షరాల్లో వేయమంటా. చిన్న సైజు టిన్ను పెట్టడం మాత్రం మంచి ఆలోచన, ఒక్క పూట పాయసానికి సరిపోతాది, మిగిలే పని లేదు.

బాదంపాలు ఈ షాపులో నంబర్ వన్. నేను కారణం చెప్తా. బాటిల్ పాలు నిలిచేది మొదటి నుంచీ వేడితోనే, సీసాలో నింపి మూత వేసి స్టెరిలైజ్ చేస్తారు, మూత తీయనంత వరకు బయటే నెలల తరబడి ఉంటాది. చక్కెర ఉండేది 7, 8 శాతమే, అంత తక్కువ చక్కెర దేన్నీ కాపాడదు, ఒట్టి తీపికే. కాబట్టి దాన్ని తీసేస్తే నిలవకి ఏ నష్టం లేదు! చక్కెర తీసేదానికి ఇంతకన్నా మంచి పాలవస్తువు ఇంకోటి లేదు. పైగా ఈళ్ళు డబుల్ టోన్డ్ పాలు వాడినారు, 1.5 శాతం ఫ్యాట్. టోన్డ్ పాలు, 8 శాతం చక్కెర ఉన్న మామూలు 200 ఎంఎల్ బాటిల్ 180 క్యాలరీల దగ్గర ఉంటాది, ఇది 95. సగానికి సగం. ఇదీ లో క్యాలరీ అంటే.

ఫ్యాట్, చక్కెర రెండూ తగ్గితే పాలు నీళ్ళగా అనిపించాల, దానికి క్యారాజీనన్ వేసినారు, సముద్రపు నాచు నుంచి తీసే చిక్కదనం, ఫ్లేవర్డ్ మిల్క్ చేసే కంపెనీల్లో శానా మంది వేసేదే, భయపడాల్సింది లేదు. తీపికి సుక్రలోజ్ ఎన్నుకోవడం కూడా కరెక్టు, అంత వేడికి అది తట్టుకుంటాది, అస్పర్టేమ్ అనే ఇంకో తీపి పదార్థం అయితే విరిగిపోయి తీపి పోతాది. యాలక్కాయ రుచి బాగా తెలస్తాది, బాదం పలుకు అడుగున చేరతాది కాబట్టి ఊపి తాగండి. బాగా సల్లగా ఉంటే చివర తీపి వాసన కూడా తెలీదు. మా నాయన రోజూ సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చి ఒకటి తాగతాడు, డాక్టర్‌కి లేబుల్ చూపించి అడిగినాకే మొదలుపెట్టినాడు.

కుల్ఫీ. ఈడ కాపలా పని చలిది, గడ్డకట్టినాక ఏ బ్యాక్టీరియా పెరగదు, కాబట్టి నిలవ గొడవ లేదు. కానీ చక్కెరకి ఇంకో పని ఉంది, గడ్డకట్టే చోటుని కిందికి దింపడం. చక్కెర లేని కుల్ఫీ రాయి. ఐస్‌క్రీమ్‌లో గాలి కొడతారు కాబట్టి రవంత మెత్తగా ఉంటాది, కుల్ఫీలో గాలి తక్కువ, ఇంకా రాయి. ఈళ్ళు సార్బిటాల్ వేసి ఆ మెత్తదనం తెచ్చినారు, నిజంగా పళ్ళకి హాయిగా ఉంది, పిస్తా కూడా పేరుకి కాకుండా వేసినారు. మామిడి కుల్ఫీ కూడా ఉంది, మన చిత్తూరు జిల్లా తోతాపురి గుజ్జుతో చేసినామన్నారు, పులుపు తగిలి బాగుంది, కానీ మామిడిపండు చక్కెర మామిడిపండుదే, షుగరోళ్ళు అది లెక్క వేసుకోవాల.

ఒకటితో ఆపమని పైన ఎందుకు రాసినానంటే, సార్బిటాల్ కడుపులో పూర్తిగా అరగదు, పేగుల్లోకి పోయి నీళ్ళు లాగతాది, ఎక్కువ తింటే గుడగుడ, ఆ తర్వాత పరుగు. పాలియాల్స్ ఉన్నవాటి మీద విరేచనాలు కావచ్చు అని రాయాలనే రూలే ఉంది, ఈళ్ళు రాసినారు. మా మరిది ఎగతాళి చేసి వరసపెట్టి తిన్నాడు, ఆ రాత్రి సంగతి ఆయన భార్యని అడగండి.

లస్సీ మామూలుగా ఉంది, ఎక్కువ రాసేదానికి లేదు. పుల్లదనమే దానికి కాపలా, ఫ్రిజ్‌లో ఉన్నంతకాలం దిగులు లేదు. ఇంట్లో పెరుగు చిలుక్కుంటే ఇంతకన్నా బాగుంటాది, ఈ రేటు పెట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు బెల్లం కోవా. కౌంటర్ మీద పెద్ద బోర్డు, మన చిత్తూరు బెల్లంతో చేసిన లో క్యాలరీ కోవా అని. చిత్తూరు బెల్లం అంటే నాకూ ప్రాణమే, మా అమ్మమ్మ వాళ్ళది ఆ సైడే, గానుగ కాడ పాకం తిని పెరిగిన పిల్లని. కానీ లో క్యాలరీ ఎట్టయింది సామీ? వంద గ్రాముల చక్కెరలో 398 కిలో క్యాలరీలు, బెల్లంలో 383. పదిహేను తేడా. షుగరోళ్ళకి అయితే రెండూ ఒకటే, రక్తంలో చక్కెర పెంచేదాంట్లో బెల్లం ఏమీ జాలిపడదు. పోనీ నిలవన్నా బాగుంటాదా అంటే అదీ లేదు, బెల్లం గాలిలో తేమ లాగి చెమ్మగిల్లే రకం, వానాకాలంలో బెల్లం డబ్బా తెరిచి చూసిన ఎవురికైనా తెలస్తాది. క్యాలరీ తగ్గలా, షుగరుకి మేలు లేదు, నిలవ లేదు, రేటు మాత్రం అన్నిటికన్నా పైన. రుచి? అద్భుతం. నేనే రెండు తూర్లు కొన్నా. బెల్లం కోవా అని రాసి అమ్ముకోండయ్యా, ఎవురొద్దన్నారు, ఆ లో క్యాలరీ మాట పీకేయండి చాలు.

ఇంకో బోర్డు సంగతి. షాపు ముందర షుగర్ ఫ్రీ అని లైట్లతో రాసినారు. రూలు ప్రకారం ఆ మాట రాయాలంటే వంద గ్రాములకి మొత్తం చక్కెరలు అర గ్రాము దాటకూడదు. పాలల్లోనే లాక్టోజ్ అనే చక్కెర నాలుగున్నర, అయిదు శాతం పుట్టుకతో ఉంటాది, కోవా కాసేసరికి చిక్కబడి అది ఇరవై శాతం దాటతాది. కాబట్టి ఏ కోవా కూడా షుగర్ ఫ్రీ అయ్యే ఛాన్సే లేదు, ఈళ్ళ బాక్సు వెనక కూడా చక్కెరలు అనే లైన్లో ఇరవై దాకా అంకె ఉంది, ముందర షుగర్ ఫ్రీ, వెనక ఇరవై! చక్కెర కలపలేదు అని రాయడం కరెక్టు. ఈ సంగతి చెప్పినాక బాటిళ్ళ మీద మార్చినారు, కోవా బాక్సుల మీద పాత స్టాకు అయిపోవాలంట. మా నాయన ఆ బోర్డు చూసి మొదట్లో నాలుగు కోవాలు ఒకేసారి లాగించినాడు, ఫ్రీ కదమ్మా అని. లాక్టోజ్ తీపి తక్కువ, చక్కెర తీపిలో సగం కూడా రాదు, అందుకే అది లోపల ఉన్నట్టు నాలికకి తెలీదు, గ్లూకోమీటర్‌కి తెలస్తాది.

కౌంటర్‌లో తమ్ముళ్ళు మర్యాదగా ఉంటారు, అడిగితే శాంపిల్ ఇస్తారు, కానీ చిన్నపిల్లలకి పిలిచి మరీ శాంపిల్ చేతిలో పెడతా ఉండారు, అది నాకు నచ్చలా. ఈ తీపి పదార్థాలు వేసిన వాటి మీద పిల్లలకి సిఫారసు చేయం అని ఈళ్ళ బాక్సు మీదే అచ్చు వేసి ఉంది. పెద్దోళ్ళకి కూడా ఒక మాట, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గేదానికి సుక్రలోజ్ లాంటి చక్కెర కాని తీపిల మీద ఆధారపడొద్దని సలహా ఇచ్చింది. ఇప్పటికే షుగరు ఉన్నోళ్ళకి ఆ సలహా వర్తించదని కూడా అందులోనే చెప్పినారు. అందుకని మా ఇంట్లో నాయనకి బాదంపాలు, అమ్మకి మాత్రం చిన్న ముక్క మామూలు కోవా, వారానికొకసారి. ఆమె దానికే సంతోషంగా ఉంది, నిజం చెప్పాలంటే.

రేట్లు జాస్తే, బాదంపాలు ఒక్కటే ఆ రేటుకి తగ్గట్టు ఉంది. కార్డు, ఫోన్‌పే అన్నీ తీసుకుంటారు. పార్కింగ్ లేదు, శని ఆదివారాలు యాత్రికుల బండ్లతో రోడ్డు నిండిపోతాది, పొద్దున పదకొండు లోపల పోతే ఖాళీగా ఉంటాది, కుల్ఫీ కూడా అప్పుడే అన్ని రకాలు దొరకతాయి. రైలెక్కి పోయేవాళ్ళు బాటిళ్ళు, టిన్నులు తీసుకోండి, ఎండలో కూడా ఏం కాదు. కోవానే కావాలంటే వ్యాక్యూమ్ ప్యాకు విప్పకుండా తీసుకోండి, తయారుచేసిన తేదీ చూసి ఆ రోజుదే అడగండి, ఐస్ ప్యాకు వేయమంటే డబ్బులు జాస్తి తీసుకోకుండానే వేస్తా ఉండారు, అడగాల అంతే, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.